నాలుగు లైన్లలో ముగిసిపోయే ఆడబతుకులు

'కడుపునొప్పి భరించలేక వివాహిత ఆత్మహత్య.'

పొద్దున్నే పేపరు తిరగేస్తుంటే ఈ హెడ్డింగు మీ కంట పడే ఉంటుంది. ఒకసారి కాదు, ఎన్నోసార్లు. జిల్లా పేజీలో ఓ మూల, మార్కెట్ ధరల పక్కనో, కరెంటు కోత ప్రకటన కిందో నాలుగు లైన్లు. ఫలానా మండలం, ఫలానా ఊరు, ఇరవై రెండేళ్లు. కొంతకాలంగా కడుపునొప్పితో బాధపడుతోంది, జీవితంపై విరక్తి చెందింది, చికిత్స పొందుతూ మరణించింది, కేసు నమోదు చేసి దర్యాప్తు చేస్తున్నట్లు ఎస్సై తెలిపారు. అంతే! ఆ దర్యాప్తు ఏమైందో మర్నాడు పేపర్లో ఉండదు. మనమూ అడగం.

నిజంగానే జబ్బుతో నలిగిపోయి ప్రాణం తీసుకున్న వాళ్లు ఉండొచ్చు. కాదనను. కానీ ఈ కడుపునొప్పి ఎక్కువగా కొత్త కోడళ్లకే ఎందుకొస్తోంది? ఆస్పత్రి చీటీ ఒక్కటీ లేని నొప్పి, చనిపోయాకే అందరికీ ఎలా తెలుస్తోంది? అసలు ఆ మాట చెప్పిందెవరు? చనిపోయిన పిల్ల చెప్పలేదు. ఆ ఇంట్లో మిగిలినవాళ్లు చెప్పారు. వాళ్లు చెప్పిందే స్టేషన్లో కాగితం మీదికెక్కింది, ఆ కాగితంలో ఉన్నదే మన పేపర్లోకొచ్చింది.

అదే పేజీ పైభాగం చూడండి. రంగుల ఫొటోలు, బాణం గుర్తులు, 'ప్రియుడి మోజులో', 'మృగాడి వికృత చేష్ట' లాంటి హెడ్డింగులు, సగం పేజీ కథనం. అదీ ఒక నేరమే, ఇదీ ఒక చావే. మరి దానికి సగం పేజీ, దీనికి నాలుగు లైన్లు ఎందుకు?

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పేజీలను నేను వరసగా చదువుతూ వస్తున్నాను. 2016 అక్టోబరు 11న పాత వరంగల్ జిల్లా ముక్కలై ఈ మూడూ వేరువేరు జిల్లాలయ్యాయి. జిల్లాలు పెరిగాయి, పేపర్లలో ఊళ్ల వార్తలకు చోటూ పెరిగింది. కానీ ఆ నాలుగు లైన్లు మాత్రం నాలుగు లైన్లుగానే ఉన్నాయి. ఎందుకిలా అని అడుగుతూ పోతే చాలా సంగతులు బయటపడ్డాయి.

ఒకే వారంలో ముగ్గురు

2019 నవంబరు చివరి వారం గుర్తుందా? 27వ తేదీ రాత్రి శంషాబాద్ దగ్గర ఒక యువ పశువైద్యురాలిపై అత్యాచారం చేసి చంపేశారు. ఆమెకు 'దిశ' అని పేరు పెట్టారు. దేశమంతా కదిలింది. పార్లమెంటులో మాట్లాడారు, వీధుల్లో కొవ్వొత్తులు వెలిగించారు. డిసెంబరు 6న నలుగురు నిందితులూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు, జనం పోలీసుల మీద పూలు చల్లారు. డిసెంబరు 13న పక్క రాష్ట్రం అసెంబ్లీ ఆమె పేరుతోనే బిల్లు పాస్ చేసింది.

దానికి మూడు రోజుల ముందే, నవంబరు 24న, కుమురంభీం ఆసిఫాబాద్ జిల్లా లింగాపూర్ మండలంలో మరో స్త్రీపై సామూహిక అత్యాచారం చేసి చంపేశారు. ఊరూరా తిరిగి చిన్నచిన్న సామాన్లు అమ్ముకునే దళిత కుటుంబం ఆమెది. ఆమెకు 'సమత' అనే పేరు పెట్టింది కూడా 'దిశ' తర్వాతే. 'ఆ అమ్మాయికి జరిగిందే మా అమ్మాయికీ జరిగింది, మరి మా గురించి అడిగేవాళ్లు లేరా?' అని దళిత సంఘాలు, మహిళా సంఘాలు రోడ్డెక్కాకే కెమెరాలు అటు తిరిగాయి. ఆదిలాబాద్‌లో ప్రత్యేక కోర్టు పెట్టారు. 2020 జనవరి 30న ముగ్గురికి మరణశిక్ష పడింది. అంటే నేరం జరిగిన రెండు నెలల పైచిలుకులోనే తీర్పు వచ్చేసింది!

అదే 27వ తేదీన, మన హనుమకొండలో పందొమ్మిదేళ్ల అమ్మాయి తన పుట్టినరోజు నాడు బయటికెళ్లి శవమైంది. ఓరుగల్లు దాటితే ఆ సంగతి ఎంతమందికి గుర్తుంది?

దిశ గురించి ఎక్కువ రాశారని నేననడం లేదు. ఆమె కోసం ఎంత కన్నీరు పెట్టినా తక్కువే. మిగతా ఇద్దరి కోసం ఎందుకు తక్కువ పెట్టామన్నదే ప్రశ్న. ఎందుకంటే వార్త అనేది ఒట్టి కాగితం కాదు. కెమెరా ఎటు తిరిగితే అధికారులు అటు పరుగెడతారు. ప్రత్యేక కోర్టు, నష్టపరిహారం, మంత్రిగారి పరామర్శ, ఇంట్లో ఒకరికి ఉద్యోగం అన్నీ దాని వెనకే నడుస్తాయి. కెమెరా చూడని ఇంటివాళ్లు ఏళ్ల తరబడి కోర్టు మెట్ల మీద కూర్చుంటారు.

ఇంకో సంగతి. సంచలనం వల్ల వచ్చేదంతా న్యాయమే అనుకోవడానికీ లేదు. దిశ నిందితుల కాల్పులపై సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022 మే నెలలో బయటికొచ్చింది. చంపాలనే ఉద్దేశంతోనే పోలీసులు కాల్పులు జరిపారనీ, చనిపోయిన వారిలో ముగ్గురు మైనర్లనీ అది తేల్చింది. ఆ నివేదిక వచ్చిన రోజు పూలు చల్లిన వాళ్లెవరూ వీధిలో కనిపించలేదు. కోర్టులో సాక్ష్యాలతో రుజువు కావలసిన నేరం అసలు విచారణకే రాకుండా పోయింది.

వార్త ఎక్కడ పుడుతుంది?

మహబూబాబాద్ జిల్లాలో ఒక దినపత్రికకు కంట్రిబ్యూటర్‌గా పనిచేసే అబ్బాయిని అడిగాను. పేరు రాయొద్దన్నాడు.

"స్టేషన్ల ఏం చెప్తె గదే రాస్తం మేడం. తండాకు వోయి అడిగొద్దమంటె బండిల పెట్రోలు నేనే పోసుకోవాలె. తీరా రాసి పంపిస్తె డెస్కుల కోసి నాలుగు లైన్లు చేస్తరు. నాకు పైసలు అచ్చయిన లైన్లకే గద" అన్నాడు.

"మరి పెద్దగా వేసేవాటికి ఏం అడుగుతారు?"

"ముందుగాల ఫొటో ఉందా అంటరు. పిల్ల సదువుకున్నదా, ప్రేమ యవ్వారమా, ఏమన్న యాంగిల్ ఉందా అంటరు. మొగుడు కొట్టి సంపిండంటె గది రోజుండేదేనాయె అంటరు మేడం."

రోజూ ఉండేదే! ఆ ఒక్క మాటలో అంతా ఉంది. ఎప్పుడో ఒకసారి జరిగేదే వార్త, రోజూ జరిగేది వార్త కాదు. కుక్క మనిషిని కరిస్తే వార్త కాదు, మనిషి కుక్కను కరిస్తేనే వార్త అని పాత్రికేయంలో మొదటి పాఠంగా చెబుతారట. ఆ లెక్కన, ఇంట్లో మగాడి చేతిలో రోజూ తన్నులు తినే ఆడది ఎప్పటికీ వార్త కాలేదు.

మిగతా పని దూరం చేస్తుంది. జనగామ హైదరాబాదు-వరంగల్ రోడ్డు మీదుంది, రైలు మార్గం మీదుంది. ఏదైనా జరిగితే రెండు గంటల్లో రాజధాని నుంచి టీవీ వ్యాను దిగిపోతుంది. మహబూబాబాద్ పట్టణానికి రైలుంది కానీ, చుట్టూ ఉన్న తండాలకు వెళ్లాలంటే ఆటో ఎక్కాలి, తర్వాత నడవాలి. ఇక భూపాలపల్లిలో సింగరేణి గనుల దగ్గర, చెల్పూరు కరెంటు ప్లాంటు దగ్గర ఏదైనా జరిగితే తెలుస్తుంది గానీ, అడవిలోపలి మహాముత్తారం, గోదావరి ఒడ్డు పలిమెల వైపు వ్యాను పోయే రోజులు ఏడాదికెన్ని? రోడ్డు లేని ఊళ్లో చావుకు సాక్షులే కాదు, విలేకరీ ఉండడు.

నాలుగు రోజుల టీవీ

మహబూబాబాద్ పేరు దేశమంతా విన్న రోజులూ ఉన్నాయి. 2020 అక్టోబరు 18, ఆదివారం సాయంత్రం ఇంటి దగ్గర ఆడుకుంటున్న తొమ్మిదేళ్ల బాబును బైకు మీద ఎక్కించుకుని పోయారు. ఇంటర్నెట్ కాల్స్ చేసి 45 లక్షలు అడిగారు. బాబు తండ్రి స్వయంగా పాత్రికేయుడు. నాలుగు రోజులు టీవీలు ఆ ఇంటి ముందు నుంచి కదల్లేదు. ఇప్పుడే ఫోనొచ్చింది, డబ్బు సర్దుతున్నారు, పోలీసులు ఫలానా వైపు వెళ్లారు అంటూ గంటగంటకూ బ్రేకింగ్ న్యూస్. 22న తెలిసిందేమిటంటే, ఆ పసివాణ్ని ఎత్తుకెళ్లిన కొన్ని గంటల్లోనే దానమయ్య గుట్ట మీద చంపేశాడు. తర్వాత చేసిన ఫోన్లన్నీ డబ్బు కోసమే.

ఆ తల్లి కడుపుకోత తలచుకుంటే ఇప్పటికీ మనసు మెలిపెడుతుంది. కానీ ఒక్కటి ఆలోచించండి. బాబు ఇంకా బతికే ఉన్నాడని అందరూ అనుకుంటున్న ఆ నాలుగు రోజులూ, పోలీసులు ఎటు వెళ్తున్నారో టీవీలో చెప్పడం ఎవరికి మేలు? ఎత్తుకుపోయినవాడి ఇంట్లోనూ టీవీ ఉంటుంది కదా! 2023 సెప్టెంబరులో మహబూబాబాద్ కోర్టు ఆ కేసులో మరణశిక్ష వేసింది. ఆ నాలుగు రోజులూ టీవీ ముందు కూర్చున్న మనలో, మూడేళ్ల తర్వాత తీర్పు వచ్చిన సంగతి ఎంతమందికి తెలుసు? నేరం జరిగిన రోజు చూపించే ఆత్రం న్యాయం జరిగిన రోజు ఉండదు.

తొమ్మిది శవాల వెనక ఒకామె

అదే ఏడాది మే నెల, లాక్‌డౌన్ రోజులు. వరంగల్ పక్కన గొర్రెకుంట పాడుబావిలో రెండు రోజుల్లో తొమ్మిది శవాలు తేలాయి. బతుకుతెరువు కోసం వచ్చిన వలస కుటుంబం, వాళ్ల పక్కన ఉండేవాళ్లు. అందులో పసివాడూ ఉన్నాడు. వార్త దేశాన్ని కుదిపేసింది. మొదట ఆకలిచావులన్నారు, ఆత్మహత్యలన్నారు. చివరికి ఒకడే అందరికీ నిద్రమాత్రలు కలిపి పెట్టి, బావిలో పడేశాడని తేలింది. అక్టోబరు 28న అతనికి మరణశిక్ష పడింది.

ఎందుకు చంపాడు? అంతకుముందు చేసిన ఒక హత్య బయటపడకుండా ఉండడానికి! మార్చి నెలలో ఒకామెను ఊరికి తీసుకెళ్తానని నమ్మించి, రైల్లోంచి తోసి చంపాడు. ఆమె శవం పశ్చిమ గోదావరి జిల్లాలో పట్టాల పక్కన దొరికింది. రెండున్నర నెలలు ఆమె 'గుర్తు తెలియని మహిళ'. 'ఆమె ఏదీ?' అని గట్టిగా అడిగింది ఆమె బంధువైన మరో స్త్రీ. ఆ అడిగినందుకే తొమ్మిది ప్రాణాలు పోయాయి.

'గుర్తు తెలియని మహిళ మృతదేహం లభ్యం' అనే వార్త ఎంత ఉంటుందో మీకు తెలుసు. మూడు లైన్లు. రంగు, ఎత్తు, కట్టుకున్న చీర. తప్పిపోయిన ఒక్క పేదరాలి గురించి మార్చిలోనే నలుగురూ పట్టించుకుని ఉంటే, మే నెలలో బావి దగ్గరికి అన్ని వ్యాన్లు రావలసిన పని ఉండేది కాదేమో!

బస్సు గురించి ఎవరు రాశారు?

జనగామకు ఆనుకుని ఉన్న యాదాద్రి భువనగిరి జిల్లా, బొమ్మలరామారం మండలం, హాజీపూర్. 2019 ఏప్రిల్‌లో బడికెళ్లిన అమ్మాయి తిరిగి రాలేదు. వెతికితే పాడుబావిలో దొరికింది. అక్కడే వెతకగా ఇంకో ఇద్దరు పిల్లల అవశేషాలు బయటపడ్డాయి. ఒకమ్మాయి 2015 నుంచీ కనిపించడం లేదు. నాలుగేళ్లు ఆ తల్లి ఎదురుచూపు ఎవరికీ వార్త కాలేదు.

వార్త పేలాక పేపర్లన్నీ 'నరరూప రాక్షసుడు', 'సైకో' అని రాశాయి. రాయాల్సిందే. 2020 ఫిబ్రవరి 6న అతనికీ మరణశిక్ష పడింది. కానీ ఆ పిల్లలు అతని బండి ఎందుకెక్కారు? ఆ ఊరికి సరిగా బస్సు లేదు కాబట్టి! మెయిన్ రోడ్డు దగ్గర దిగి, ఊళ్లోకి నడిచిపోలేక, తెలిసినవాడే కదా అని లిఫ్టు అడిగారు. ఆ ఊరి జనం ఉరిశిక్షతో పాటు అడిగింది బస్సు, వాగు మీద వంతెన. రాక్షసుడి గురించి పేజీలు నిండాయి. బస్సు గురించి ఎన్ని లైన్లొచ్చాయి? రాక్షసుడు ఒకడే. బస్సు లేని ఊళ్లు ఎన్నో.

భయం ఎక్కడుంది, ప్రమాదం ఎక్కడుంది?

ఈ సంచలనం మనింట్లోకి ఎలా వస్తుందో చెప్తాను. జనగామ పక్క పల్లెలో కలిసిన ఒక తల్లి మాట ఇది.

"టీవీల ఆ వార్త సూసినంక నాకు నిద్ర పట్టలె అక్కా. మా బిడ్డ డిగ్రీ ఫస్టియరు. రోజు బస్సుల వోయి రావాలె. మా ఆయన ఇగ సదువు సాలు, సంబంధం సూద్దామన్నడు. నేను గూడ సరే అన్న. కాలేజి బంజేపిచ్చినం."

"ఇప్పుడెలా ఉంది అమ్మాయి?"

కాసేపు మాట్లాడలేదామె. "అల్లుడు తాగుతడు. తల్లిగారింటికి రెండుసార్లొచ్చింది. సర్దిచెప్పి తోలినం" అంది.

రోడ్డు మీద రాక్షసుడుంటాడని భయపడి చదువు మాన్పించారు. భద్రం అనుకుని ఒక ఇంటికి పంపారు. దెబ్బలు ఆ ఇంట్లోనే ఉన్నాయి.

ఇది ఒక్క తల్లి కథ కాదని ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి. జాతీయ నేర రికార్డుల సంస్థ ప్రకారం 2023లో దేశంలో స్త్రీలపై నేరాల కేసులు 4,48,211. అందులో అన్నిటికన్నా ఎక్కువ, 1,33,676 కేసులు, భర్తా అతని బంధువులూ పెట్టే హింసవే. ఆ ఒక్క ఏడాదే 6,156 మంది వరకట్న చావులకు బలయ్యారు. అంటే రోజుకు దాదాపు పదిహేడు మంది! అత్యాచారం కేసుల్లో కూడా నూటికి తొంభైకి పైగా నిందితులు బాధితురాలికి ముందే తెలిసినవాళ్లు. 2022లో ఆత్మహత్య చేసుకున్న స్త్రీలలో సగానికి పైగా, 25,309 మంది, గృహిణులే.

ఇన్ని చావుల్లో సగం పేజీకి ఎక్కేవి ఎన్ని? ఈ లెక్క తెలియకుండా టీవీ చూస్తే, ప్రపంచంలో ప్రమాదమంతా చీకటి రోడ్డు మీదే ఉందనిపిస్తుంది. అందుకే ఆడపిల్లకు కాలేజీ బందవుతుంది, ఫోను బందవుతుంది. ఇంటి లోపలి ప్రమాదం మాత్రం అలాగే ఉంటుంది.

2025లో ఇంకో వరస మొదలైంది. మార్చిలో మీరట్‌లో నీలం డ్రమ్ము, మేలో మేఘాలయ హనీమూన్, జూన్‌లో మన గద్వాల. భర్తను చంపించిందని భార్య మీద అభియోగం. వారాల తరబడి అదే చర్చ. 'పెళ్లంటేనే భయమేస్తోంది' అని మగపిల్లల జోకులు. ఎవరు చేసినా హత్య హత్యే, శిక్ష పడాల్సిందే. కానీ రోజుకు పదిహేడు మంది కోడళ్లు పోయే దేశంలో, 'కోడలంటే భయం' అనే మాట వారం రోజుల్లో పుట్టిందంటే, అది పుట్టించింది నేరాల లెక్క కాదు, హెడ్డింగుల లెక్క.

ఈపు మీద నొప్పి

భూపాలపల్లి జిల్లాలో ఒక అంగన్‌వాడీ టీచర్ చెప్పిన మాట నన్ను వదలడం లేదు. ఆమె కేంద్రానికి బాలింతగా వచ్చే ఒక పిల్ల చనిపోయింది. పేపర్లో మామూలే, కడుపునొప్పి.

"ఆ పిల్లకు నొప్పి కడుపుల గాదు మేడం, ఈపు మీద. నేను నా కండ్లతోని సూసిన. గుడ్డు తీస్కపోనీకొచ్చినప్పుడు కొంగు కప్పుకునేది" అన్నదామె.

"మరి ఎవరూ మిమ్మల్ని అడగలేదా?"

"ఎవరడుగుతరు? పిల్ల తల్లిగారోళ్లు కూలోళ్లు. పెద్దమనుషులు కూసోని రాజీ చేసిండ్రు. పేపరాయన మా ఊరికే రాలె."

ఇక్కడ మనకు తెలియాల్సిన చట్టం ఒకటుంది. పెళ్లయిన ఏడేళ్లలోపు స్త్రీ ఆత్మహత్య చేసుకున్నా, అనుమానాస్పదంగా చనిపోయినా, అది మామూలు చావు కింద రాసుకుని వదిలేయడానికి వీల్లేదు. పోస్టుమార్టం జరగాలి, తహసీల్దారు స్థాయి మేజిస్ట్రేట్ విచారణ చేయాలి. పాత సీఆర్‌పీసీలోనూ ఇది ఉంది, 2024 జులై 1 నుంచి వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లోనూ ఉంది. ఆ ఏడేళ్లలో పిల్ల అసహజంగా చనిపోయి, చావుకు కొద్దిముందు కట్నం కోసం వేధించినట్టు రుజువైతే, వరకట్న చావుకు కారణం వాళ్లేనని కోర్టు భావిస్తుంది. కాదని నిరూపించుకోవలసిన బాధ్యత అత్తింటివాళ్లదే.

మరి ఆ నాలుగు లైన్లకు ఇంకో రెండు లైన్లు కలిపితే చాలు కదా! పెళ్లయి ఎన్నేళ్లయింది? తహసీల్దారు పంచనామా చేశారా? తల్లిగారివాళ్లు ఏమంటున్నారు? ఈ మూడు ప్రశ్నలకు సగం పేజీ అక్కర్లేదు, ఫొటో అక్కర్లేదు, యాంగిల్ అసలే అక్కర్లేదు.

పేరు దాస్తారు, ఊరు రాస్తారు

అత్యాచారానికి గురైన స్త్రీ ఎవరో తెలిసేలా రాయడం నేరం. పాత చట్టంలో 228ఏ, ఇప్పుడు బీఎన్‌ఎస్‌లో 72వ సెక్షన్. పిల్లల విషయంలో పోక్సో చట్టం 23వ సెక్షన్ ఇంకా గట్టిది. చనిపోయినవాళ్ల పేరు కూడా రాయకూడదని 2018 డిసెంబరులో నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సరిగ్గా ఏడాదికి, దిశ అసలు పేరూ ఫొటోలూ ఫోన్లన్నిటిలో తిరిగాయి.

పల్లెల్లో జరిగేది ఇంకో రకం. పేరు మారుస్తారు. కానీ ఊరు రాస్తారు, తండా రాస్తారు, తండ్రి చేసే పని రాస్తారు, ఇంటి ముందు ఫొటో తీస్తారు. నలభై గడపల తండాలో ఇంక పేరెందుకు? ఆ పిల్ల మళ్లీ బడికెలా పోతుంది?

ఆత్మహత్యల విషయంలోనూ ప్రెస్ కౌన్సిల్ 2019లో కొన్ని సూచనలిచ్చింది. ఎలా చనిపోయారో వివరంగా రాయొద్దని, కారణాన్ని ఒక్క ముక్కలో తేల్చేయొద్దని వాటి సారం. 'కడుపునొప్పి భరించలేక' అనేది సరిగ్గా ఆ ఒక్క ముక్కే.

మనకే కాదు

ఇది మన దేశంలో మాత్రమే ఉన్న జబ్బు కాదు. అమెరికాలో గ్వెన్ ఐఫిల్ అనే నల్లజాతి మహిళా పాత్రికేయురాలు 2004లో ఒక మాటంది. తెల్లమ్మాయి తప్పిపోతే టీవీలన్నీ పరుగెడతాయి, ఇతరులు తప్పిపోతే పట్టించుకోవు, ఇదో రోగం అని. 2021లో గాబీ పెటిటో అనే తెల్లమ్మాయి వయోమింగ్ రాష్ట్రంలో కనిపించకుండా పోతే లోకమంతా వెతికింది. అదే రాష్ట్రంలో 2011 నుంచి 2020 వరకు 710 మంది ఆదివాసీలు తప్పిపోయినట్టు నమోదైందని అప్పుడు గానీ జనానికి తెలియలేదు. అక్కడ రంగు. ఇక్కడ కులం, తండా, చదువు, టౌనుకు ఎంత దూరమన్నది.

అలాగని ఇది మారదనుకోవద్దు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. రాత్రిబడి పుస్తకంలోని పాఠం వాళ్లను కదిలించింది. తాగొచ్చి భార్యను కొట్టడం అప్పటిదాకా 'రోజూ ఉండేదే'. అదే సంగతికి ఒక పెద్ద దినపత్రిక 'సారాపై సమరం' అని ఏకంగా పేజీ కేటాయించింది. ఊరూరి నుంచీ ఆడవాళ్ల మాటలు అందులోకొచ్చాయి. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. ఆ నిషేధం తర్వాత నిలబడలేదు, అది వేరే కథ. కానీ రోజూ జరిగేది వార్త అవుతుందని, అది సర్కారును కదిలిస్తుందని ఆ పేజీ చూపించింది.

మనమేం చేయొచ్చు?

పేపరు కొనేది మనం, టీవీ పెట్టేది మనం. వాళ్లు మన కోసమే వేస్తున్నామంటారు. అయితే మన మాట వినాలి కదా!

మీ ఊరి చావు నాలుగు లైన్లలో వచ్చి, అందులో నిజం లేదని మీకు తెలిస్తే, జిల్లా డెస్కుకు ఒక ఉత్తరం రాయండి. ఫోను చేసినా సరే. 'పెళ్లయి ఎన్నేళ్లు? పంచనామా ఎవరు చేశారు?' అని అడగండి. ఒక్కరడిగితే ఊరుకుంటారు. పొదుపు సంఘం మొత్తం సంతకాలు పెట్టి పంపితే ఊరుకోలేరు.

అత్యాచారం జరిగిన అమ్మాయి ఫొటో ఫోనులో వస్తే ఎవరికీ పంపకండి. పంపడం జాలి కాదు, నేరం.

పెద్ద కేసు గురించి నెల రోజుల తర్వాత, ఏడాది తర్వాత 'ఏమైంది?' అని అడగండి. చార్జిషీటు వేశారా, పరిహారం అందిందా, తీర్పు వచ్చిందా? ఇవీ వార్తలే.

పక్కింటి పిల్ల వీపు మీద వాతలు చూస్తే, పేపర్లో రాసేదాకా ఆగకండి. 181 మహిళా హెల్ప్‌లైన్ ఉంది, అత్యవసరమైతే 112 ఉంది. జిల్లాల్లో సఖి కేంద్రాలున్నాయి. అక్కడ వైద్యం, పోలీసు సాయం, న్యాయ సలహా ఒకేచోట దొరుకుతాయి.

ఇక టీవీలో ఏదైనా ఘోరం చూసి, మర్నాడు మీ అమ్మాయి కాలేజీ మాన్పించాలనిపిస్తే, ఒక్క రోజు ఆగండి. చదువు మానేస్తే ఆమె వెళ్లబోయే ఇల్లు నిజంగా ఆ బస్సు కన్నా భద్రమైనదేనా అని మిమ్మల్ని మీరే అడగండి. బస్సులో భయముంటే నలుగురు తల్లులూ కలిసి డిపో మేనేజరు దగ్గరికి వెళ్లండి, ఇంకో ట్రిప్పు అడగండి.

రేపు పొద్దున జిల్లా పేజీ తెరిచినప్పుడు, పైనున్న సగం పేజీ తర్వాత చదువుదురుగాని. ముందు కింద మూలనున్న ఆ నాలుగు లైన్లు చదవండి. వాటిలో ఏం లేదో చూసి, అది అడగండి.